లవణం అనే పేరు

తెలుగునాట రాముళ్ళకూ కృష్ణులకూ లెక్కలేదు. వెంకటేశ్వర్లు లేని ఊరు ఉండదు, లక్ష్మి లేని వీధి ఉండదు. ప్రజలందరికీ తెలిసిన లవణం మాత్రం ఒక్కరే. ఇంటిపేరు గోపరాజు అయినా ఆయన్ని ఇంటిపేరుతో గుర్తుపట్టినవాళ్ళు తక్కువ. లవణం గారు అంటే చాలు, ఏ లవణం అని ఎవరూ అడిగేవారు కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరాకూ సరస్వతీ గోరాకూ ఆయన పెద్దకొడుకు. 1930 అక్టోబరు 10న పుట్టారు, 2015లో వెళ్ళిపోయారు. ఆయన తర్వాత ఆ పేరు మళ్ళీ వ్యాపించలేదు. ఎవరైనా ఒకరిద్దరు పెట్టుకుని ఉండవచ్చు గానీ, అది నలుగురి నోట నానే పేరు కాలేదు.

ఇప్పుడు ఈ పేరు సంగతి ఎందుకంటే, ఎవరికీ లేని పేరు మా బిడ్డకు కావాలన్న కోరిక ఈనాడు దాదాపు ప్రతి ఇంటా వినిపిస్తోంది. కడుపులో బిడ్డ పడగానే వెతుకులాట మొదలవుతుంది. ఫోనులో జాబితాలు తిరగేస్తారు, పంచాంగం చూపిస్తారు, సంఖ్యాశాస్త్రం తెలిసినవాళ్ళను అడుగుతారు. తీరా బిడ్డ బడికి వెళ్ళేసరికి అదే పేరుతో తరగతిలో మరో ఇద్దరు కూర్చుని ఉంటారు. అరుదైన పేరు అంటే ఏమిటో, అది ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించాలంటే లవణం అనే పేరుకు మించిన ఉదాహరణ మన మధ్య లేదు.

ఆ పేరు పుట్టిన సంవత్సరంలోనే దాని కథంతా ఉంది. 1930 మార్చి 12న గాంధీజీ 78 మందిని వెంటబెట్టుకుని సబర్మతి ఆశ్రమం నుంచి నడక మొదలుపెట్టారు. దాదాపు 385 కిలోమీటర్లు నడిచి ఏప్రిల్ 5న దండి చేరారు. మర్నాడు ఉదయం సముద్రపు ఒడ్డున పిడికెడు ఉప్పు ఎత్తి చట్టాన్ని ధిక్కరించారు. ఉప్పు తయారీ మీద గుత్తాధిపత్యం తెల్లదొరల ప్రభుత్వానిది. సముద్రం పక్కనే కాపురముంటున్న బెస్త కూడా ఒడ్డున పేరుకున్న ఉప్పును తీసుకుంటే నేరస్థుడే. ఉన్నవాడూ లేనివాడూ ఒకే ఉప్పు తింటారు. పైగా ఎండలో చెమటోడ్చే కూలివాడికి దాని అవసరం ఇంకా ఎక్కువ. అందువల్ల ఆ పన్ను భారం ఎక్కువగా మోసింది పేదవాడే. అంత పెద్ద సామ్రాజ్యం మీద ఉప్పుతో ఏం పోరాడతారని అప్పటి పెద్దలే కొందరు సందేహించారు. గాంధీజీకి ఆ సందేహం లేదు. ప్రతి పొయ్యి దగ్గరా ఉండే వస్తువు గనుకనే దాన్ని ఎంచుకున్నారు.

తెలుగు తీరానికి ఉప్పు కొత్త కాదు. శ్రీకాకుళం వైపు నౌపడా నుంచి కింద చినగంజాం దాకా ఉప్పు మడులున్న నేల ఇది. ఉద్యమం ఇక్కడికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆంధ్ర ప్రాంతంలో కొండా వెంకటప్పయ్య సారథ్యం వహించారు. మద్రాసులో టంగుటూరి ప్రకాశం, యువతి దుర్గాబాయి ముందు నిలిచారు. ఊరూరి నుంచీ జనం సముద్రం వైపు నడిచారు. ఉప్పునీళ్ళు కుండల్లో కాచి ఉప్పు తీశారు, లాఠీ దెబ్బలు తిన్నారు, జైళ్ళు నింపారు. ఆ ఏడాది ఉప్పు అంటే స్వాతంత్ర్యం. ఆ సంవత్సరమే గోరా దంపతులకు కొడుకు పుట్టాడు. ఆ బిడ్డకు లవణం అని పేరు పెట్టారు.

అప్పటి లెక్కలో అది ఎంత సాహసమో తెలియాలంటే ఆ దంపతుల సంగతి కొంత చెప్పుకోవాలి. గోపరాజు రామచంద్రరావు 1902లో ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివి అధ్యాపకులయ్యారు. జంధ్యం తీసేసినందుకు సొంత ఇంటికి దూరమయ్యారు. నాస్తికత్వం దాచుకోనందుకు కాకినాడలో ఒకసారి, మచిలీపట్నంలో ఒకసారి కళాశాల ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తన పేరునే కుదించి గోరా అయ్యారు. సరస్వతి పదేళ్ళ వయసులో పెళ్ళయి ఆ ఇంట అడుగుపెట్టిన మనిషి. గర్భిణులు గ్రహణం చూడరాదన్న భయాన్ని తన ఒంటి మీదే పరీక్షించి కొట్టిపారేశారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో వాళ్ళు ప్రారంభించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. అలాంటి ఇంట్లో తిథి, నక్షత్రం, తాతగారి పేరు, కులదైవం పేరు అన్నీ పక్కకు తప్పుకున్నాయి. వాటి చోట దేశం వచ్చి కూర్చుంది.

ఆ దంపతుల తొమ్మిదిమంది పిల్లల పేర్లూ వరసగా చదివితే ఒక కాలం నడిచిన దారి కనిపిస్తుంది. మనోరమ, లవణం, మైత్రి, విద్య, విజయం, సమరం, నియంత, మారు, నౌ. ప్రపంచం రెండో యుద్ధంలోకి జారుతున్న 1939లో పుట్టినవాడు సమరం. ఐరోపాలో నియంతలు దేశాలను తొక్కుతున్న కాలపు బిడ్డ నియంత. మార్పు కోరుకున్న తల్లిదండ్రుల కూతురు మారు. తొమ్మిదో సంతానానికి హిందీ అంకె నౌ పేరయింది. వీటిలో మనోరమ, మైత్రి, విద్య మన చెవికి అలవాటైన పేర్లే. మిగతావి విన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఆగి, ఎందుకు పెట్టారని అడుగుతారు. అడిగితే చెప్పడానికి ఆ ఇంట్లో ప్రతి పేరుకూ ఒక జవాబు ఉంది. ఆ కుటుంబం పేర్లలో గొప్పతనమంతా ఆ జవాబులోనే ఉందని మా నమ్మకం.

లవణం పేరును ఇంకాస్త దగ్గరగా చూద్దాం. అర్థం కొత్తదే గానీ పలుకు మనదే. సుబ్రహ్మణ్యం, సుందరం, రత్నం, మాణిక్యం, చలం అని పిలుచుకునే జాతికి లవణం అని పిలవడం కష్టం కాదు. పూర్ణానుస్వారంతో ముగిసే పేర్లు తెలుగు నోటికి తరతరాల అలవాటు. కాబట్టి ఎంత అరుదైనా అది పరాయి పేరుగా వినిపించలేదు. ఊళ్ళో చదువురాని ముసలమ్మ కూడా తడుముకోకుండా పిలవగల పేరు అది. ఉప్పు అని నేరుగా పెట్టి ఉంటే వెక్కిరింపు పాలయ్యేది. సంస్కృత రూపం ఎంచుకోవడంతో వస్తువు వంటింటిదైనా పేరుకు నిండుతనం వచ్చింది.

ఇంకొక చుట్టరికం చాలామంది గమనించి ఉండరు. మన ఆడపిల్లలకు తరతరాలుగా పెట్టుకుంటున్న లావణ్య అనే పేరు లవణం నుంచే వచ్చింది. కూరకు రుచి తెచ్చే ఉప్పులాంటి గుణం మనిషి రూపంలో ఉంటే దాన్ని లావణ్యం అన్నారు పూర్వులు. అవయవాల పొందికను మించి, ముఖం మీద తళుకుమనే ఆకర్షణ అది. కనుక ఉప్పుతో పేరు పెట్టుకోవడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళ ఇళ్ళలోనే ఉప్పులోంచి పుట్టిన పేరు హాయిగా తిరుగుతోంది. ఒకే మూలంలోంచి వచ్చిన రెండు పేర్లలో ఒకటి ఊరంతా పాకింది, ఇంకొకటి ఒక్క మనిషితో ఆగింది. లావణ్య అందాన్ని కోరుకునే పేరు. అందం ప్రతి తరానికీ కావాలి, కాబట్టి ప్రతి తరమూ ఆ పేరు పెట్టుకుంటుంది. లవణం ఒక సంవత్సరాన్ని గుర్తు పెట్టుకునే పేరు. ఆ సంవత్సరం మళ్ళీ రాదు. అది వ్యాపించకపోవడం దాని లోపం కాదు. దాన్ని నిలబెట్టిందే ఆ ఏకాకితనం.

మన సమాజంలో పేరు ఎప్పుడూ వట్టి పిలుపుగా లేదు. మనుస్మృతి రెండో అధ్యాయం నామకరణానికి నియమాలు చెప్పింది. బ్రాహ్మణుడి పేరు మంగళాన్నీ, క్షత్రియుడి పేరు బలాన్నీ, వైశ్యుడి పేరు ధనాన్నీ సూచించాలట. శూద్రుడి పేరు మాత్రం ఏవగింపు కలిగించేదిగా ఉండాలట. ఏ శిశువైనా నోరు విప్పకముందే సమాజంలో దాని చోటేదో పేరుతో నిర్ణయమైపోవాలన్నది ఆ నియమం సారం. పుస్తకంలో ఉన్నదంతా ఊళ్ళో జరిగిందని చెప్పలేం గానీ, ఊళ్ళో జరిగింది దానికి మరీ దూరమూ కాదు. తెలంగాణ దొరల పాలనలో పేదవాడి పేరు చివర అయ్య అనే గౌరవం కూడా మిగలలేదు. మల్లయ్య మల్లిగాడయ్యాడు, ఎల్లమ్మ ఎల్లి అయింది. పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఇంకొకటి. ఆ పిలుపులోనే వెట్టి ఉంది.

అలాగని మొరటుగా వినిపించే ప్రతి పాత పేరూ అవమానపు గుర్తు అనుకోవడం తొందరపాటు. పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్ళలో పొర్లించి పుల్లయ్య అన్నారు. పొరుగువాళ్ళకు ఇచ్చేసి గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుని తవిటయ్య అన్నారు. అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని భిక్షమయ్య అన్నారు. మృత్యువు కంటికి ఈ బిడ్డ విలువలేనిదిగా కనబడాలని, వదిలేసి పోవాలని ఆ తల్లులు పడిన తాపత్రయం అది. ఆ నమ్మకం మనకు లేకపోవచ్చు. కానీ ఆ పేరు వెనుక ఉన్న ప్రేమను తక్కువ చేయడానికి మనకు హక్కు లేదు. ఈనాటి ముద్దు పేర్లలో కొన్నిటికి లేనిది పెంటయ్యకు ఉంది. బతికి బట్టకట్టాలన్న గట్టి కోరిక ఆ పేరుకు కారణం.

దేశోద్యమం వచ్చాక పేర్ల తీరు మారింది. ఊరూరా గాంధీలు, నెహ్రూలు, బోసులు పుట్టారు. మన సినీకవి చంద్రబోస్ అసలు పేరు కనుకుంట్ల సుభాష్ చంద్రబోస్. కమ్యూనిస్టు ఇళ్ళలో లెనిన్‌లు, స్టాలిన్‌లు పెరిగారు. పోపూరి లలితకుమారి రష్యా నది పేరును కలంపేరుగా చేసుకుని ఓల్గా అయ్యారు. మరో వైపు కొందరు పేరుకు కలపడం మాని తీసేశారు. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి పేరు చివరి కులాన్ని వదిలేసి సుందరయ్యగా మిగిలారు. ఇది మన దగ్గరే జరిగింది కాదు. విప్లవం తర్వాత రష్యాలో వ్లాదిమిర్ లెనిన్ పేరును కలిపి వ్లాద్‌లెన్ అన్నారు. లెనిన్ అక్షరాలను తిరగేసి ఆడపిల్లలకు నినెల్ అని పెట్టుకున్నారు. తమిళనాట కరుణానిధికి 1953 మార్చి 1న పుట్టిన కొడుకుకు స్టాలిన్ అని పేరు పెట్టారు. ఆ వారంలోనే సోవియట్ నాయకుడు స్టాలిన్ చనిపోయాడు.

ఈ పేర్లకూ లవణం పేరుకూ మధ్య గమనించదగిన తేడా ఒకటుంది. నాయకుడి పేరు పెడితే ఆ నాయకుడి మంచిచెడ్డలు కూడా బిడ్డ వెంట వస్తాయి. చరిత్ర ఆ నాయకుడి మీద కొత్త తీర్పు చెప్పినప్పుడల్లా ఆ పేరున్న మనిషి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. గోరా గాంధీజీ పేరు పెట్టలేదు. గాంధీజీ చేతిలోని వస్తువు పేరు పెట్టారు. పూజించడానికి అందులో వ్యక్తి లేడు. ఉన్నది ఒక పని. నలుగురూ కలిసి, చేయి ఎత్తకుండా, భయపడకుండా చేసిన పని. వ్యక్తుల మీద అభిప్రాయాలు మారతాయి గానీ ఆ పని విలువ మారలేదు. తొంభై అయిదేళ్ళు గడిచాక కూడా లవణం అనే పేరు చెప్పుకోవడానికి ఎవరూ తలదించుకోనక్కర్లేదు. వస్తువు పేరు పెట్టడంలో మరో మేలు కూడా ఉంది. ఉప్పుకు మతం లేదు, కులం లేదు. ఆ పేరు విని ఈయన ఎవరివాడో పోల్చుకోవడం సాధ్యం కాదు. పేరు వినగానే కులం ఆరా తీసే నేల మీద అది చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. తల్లిదండ్రుల సిద్ధాంతాన్ని బిడ్డ నెత్తిన పెట్టడం న్యాయమేనా అని కొందరు అడుగుతారు. బడిలో తోటిపిల్లలు వెక్కిరిస్తే ఆ బాధ పడేది బిడ్డే కదా అంటారు. ఈ ప్రశ్నలో నిజం ఉంది. బిడ్డ జెండాకర్ర కాదు. అయితే వెంకటేశ్వర్లు అనే పేరులోనూ తల్లిదండ్రుల నమ్మకమే ఉంది. ఆ నమ్మకం అందరిదీ గనుక మన కంటికి ఆనదు, అంతే. ఏ నమ్మకమూ లేని పేరంటూ ఉండదు. మరి ఏది న్యాయమైన పేరో తేల్చుకోవడం ఎలా? బిడ్డ పెద్దయ్యాక ఆ పేరులోకి తన అర్థాన్ని నింపుకునే చోటు ఉందా లేదా అన్నదే గీటురాయి. సమరం అనే పేరున్న బాలుడు డాక్టరయ్యాడు. తెలుగు పత్రికల్లో దశాబ్దాలపాటు ఆరోగ్యం గురించి, లైంగిక విజ్ఞానం గురించి జనం అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు తేట తెలుగులో జవాబులు రాశారు. యుద్ధకాలపు పేరు మూఢనమ్మకాల మీద సమరంగా మారింది. పేరు ఆయన్ని కట్టిపడేయలేదు.

లవణం గారి జీవితమూ అంతే. ఆయన చేసిన పనులన్నిటా పేరు పెట్టడమనే అధికారంతో పోరాటం కనిపిస్తుంది. వినోబా భావే పాదయాత్రలో ఆయన మాటలను తెలుగులో జనానికి చేర్చిన యువకుడు లవణం. ఆయన అక్క మనోరమ, దళితుడైన అర్జునరావుల పెళ్ళి సేవాగ్రాంలో జరపడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. వధూవరులు నాస్తికులు గనుక దేవుని పేరిట చేయవలసిన ప్రమాణాన్ని సత్యం పేరిట చేయడానికి కూడా ఆయన సమ్మతించారు. గాంధీజీ హత్య తర్వాత, 1948 మార్చి 13న ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే జరిగింది. 1960లో లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్ళాడారు. ఊరి వెలుపల పుట్టి, గుడి బయట నిలిచి, గబ్బిలం చేత శివుడికి కబురంపిన కవి కూతురు ఆమె. పెళ్ళి తర్వాత హేమలతా లవణం అయ్యారు. సాధారణంగా పెళ్ళయిన స్త్రీ పేరుకు భర్త ఇంటిపేరు చేరుతుంది. ఆమె పేరు పక్కన చేరినది గోపరాజు కాదు, ఉప్పు సత్యాగ్రహం.

ఆ ఇద్దరూ కలిసి 1970ల్లో స్టూవర్టుపురంలో అడుగుపెట్టారు. అది కూడా పేరు వల్ల చెడిన ఊరు. 1871లో తెల్లదొరల ప్రభుత్వం ఒక చట్టం చేసి కొన్ని జాతులకు జాతులనే నేరస్థ తెగలు అని పేరు పెట్టింది. ఆ తెగలో పుట్టిన శిశువు పుట్టుకతోనే నేరస్థుడు. గుంటూరు తీరంలో ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టి, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు ఆ ఊరికి తగిలించారు. 1952లో చట్టం రద్దయింది. పేరు మాత్రం పోలేదు. స్టూవర్టుపురం అనగానే దొంగలు అనే మాట దానంతటదే నాలుక మీదికి వచ్చేది. సినిమాల పేర్లలోకీ ఎక్కింది. లవణం, హేమలత అక్కడి మనుషులను పేర్లతో పలకరించారు. దొంగతనాలు మానినవాళ్ళకు భూమి, ఉపాధి, పిల్లలకు చదువు దొరికేలా పాటుపడ్డారు. దేశం వాళ్ళకు పెట్టిన పేరును వాళ్ళ చేతనే చెరిపించే పని అది.

తర్వాత నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతంలో జోగినుల మధ్య పనిచేశారు. తెలంగాణలో జోగిని, అనంతపురం వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. ఏ పేరుతో పిలిచినా జరిగేది ఒకటే. దళిత ఇంట పుట్టిన ఆడపిల్లను దేవతకు ఇచ్చామంటారు, ఊరి మగవాళ్ళ పాలు చేస్తారు. జోగిని అనే పేరు పడ్డాక ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరు ఎవరికీ గుర్తుండదు. ఆమె బిడ్డ బడికి వెళితే తండ్రి పేరు రాయాల్సిన చోట ఖాళీ. ఆ స్త్రీల కోసం అక్కడ వెలిసిన ఆశ్రయానికి వీళ్ళు పెట్టిన పేరు చెల్లి నిలయం. ఊరంతా మరో పేరుతో పిలిచిన ఆడపిల్లను చెల్లీ అని పిలవడంతోనే ఆ సంస్కరణ మొదలైంది. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. చట్టం రావడం వెనుక ఎందరో ఉన్నారు. కానీ జోగినులను పేరుపెట్టి, గౌరవంగా పలకరించిన తొలి గొంతుల్లో హేమలతా లవణం గొంతు ఒకటి.

ఈ వెలుగులో మన ఇళ్ళలో జరుగుతున్న వెతుకులాటను చూద్దాం. ఇప్పటి పేర్లను మూడు ఒత్తిళ్ళు నడిపిస్తున్నాయి. మొదటిది నక్షత్రం. అశ్విని అయితే చూ, చే, చో, లా అనే అక్షరాలతో మొదలవ్వాలి. ఆరుద్రలో ఙ వస్తుంది, హస్తలో ణ వస్తుంది. ఆ అక్షరాలతో మొదలయ్యే మాటే మన భాషలో లేదు. అయినా అక్షరం ముందు, అర్థం తర్వాత. రెండోది సంఖ్యాశాస్త్రం. ఇది లెక్కపెట్టేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లీషు అక్షరాలను. తెలుగు తల్లి పెట్టిన తెలుగు పేరు అదృష్టాన్ని ఇంగ్లీషు స్పెల్లింగు తేల్చడమేమిటని ఎవరూ అడగరు. అదనంగా రెండు ఇంగ్లీషు అక్షరాలు చేర్చుకుని, జీవితమంతా ప్రతి కార్యాలయంలో వాటిని సరిచేయించుకుంటూ తిరుగుతారు. మూడోది జాబితా. ఫోనులో ఎవరో చేర్చిన అర్థాన్ని నిఘంటువు చూడకుండా నమ్మేస్తారు. అయాన్ష్, రేయాన్ష్ లాంటి పేర్లు అలాగే వచ్చాయి. చివరనున్నది సంస్కృత అంశ శబ్దం. హిందీ ఉచ్చారణలో దాని తోక తెగిపోయింది. ముందున్న ముక్కకు ఇచ్చే అర్థాలు జాబితాకొకటి.

తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతోనో పూర్ణానుస్వారంతోనో ముగుస్తాయి. పొల్లుతో ముగిసే పేరు వచ్చినప్పుడు ఊళ్ళో నాయనమ్మ దానికి తనకు తెలిసిన అచ్చు ఒకటి తగిలించి పిలుస్తుంది. నాయనమ్మను కాదు తప్పుపట్టవలసింది. బిడ్డను ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు పిలిచే మనిషికి నోరు తిరగని పేరు పెట్టినవాళ్ళు ఆలోచించుకోవాలి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళ కష్టం మరోటి. అక్కడి ఉపాధ్యాయులూ ఇక్కడి తాతయ్యా పలకగలిగే పేరు వాళ్ళకు కావాలి. మాయ, నీల లాంటి పొట్టి పేర్లు రెండు చోట్లా ఇముడుతున్నాయి. అది తెలివైన సర్దుబాటే. చిన్న పేరైనా దాని వెనుక కారణం ఒకటి ఉంటే అంతకంటే కావలసిందేముంది?

గోరా దంపతులు చేసిందీ, మనం చేస్తున్నదీ పక్కపక్కన పెడితే తేడా తేటతెల్లమవుతుంది. వాళ్ళు తెలుగు పలుకులోనే కొత్త అర్థాన్ని పెట్టారు. మనం కొత్త శబ్దాన్ని తెచ్చి, దానికి ఏదో ఒక పాత అర్థాన్ని అతికిస్తున్నాం. శబ్దం కొత్తదైతే దాని ఆయుష్షు తక్కువ. ఈ ఏడాది అరుదుగా ఉన్నది అయిదేళ్ళలో వీధికొకటి అవుతుంది. కారణం కొత్తదైతే, ఆ పేరు వెయ్యిమందికి ఉన్నా మీ బిడ్డ పేరు మీ బిడ్డదే. మీ అమ్మ పేరు లక్ష్మి అయి, ఆమె కూలి చేసి మిమ్మల్ని చదివించి ఉంటే, మీ కూతురికి లక్ష్మి అని పెట్టండి. దేశంలో ఎన్ని లక్షల లక్ష్ములున్నా ఆ లక్ష్మి ఒక్కతే. మీ ఊరి చెరువు పేరు, మీ నాన్న ప్రేమించిన కవి పేరు, బిడ్డ పుట్టిన ఏడాది మీ ఊళ్ళో జరిగిన మంచి పని పేరు, ఇవేవీ ఏ జాబితాలోనూ దొరకవు. మీ ఇంట్లోనే దొరుకుతాయి.

తొందరపడనక్కర్లేదు కూడా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు అప్పుడే చెప్పాలని లేదు. పేరు లేకుండా నమోదు చేయించి తర్వాత చేర్చుకోవచ్చు. బారసాల పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసే ముందు తల్లీ తండ్రీ కూర్చుని, ఈ పేరు ఎందుకు అన్న ప్రశ్నకు రెండు వాక్యాల జవాబు రాసుకోవాలి. ఆ కాగితాన్ని దాచి, బిడ్డకు చదవడం వచ్చిన రోజున ఇవ్వాలి. జవాబు రాయలేకపోతే ఆ పేరు ఇంకా దొరకలేదన్నమాట. ఇందులో తల్లి మాటకు తండ్రి మాటతో సమానమైన విలువ ఉండాలి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అంటూ తల్లి పేరును రాజు పేరు ముందు శాసనాల్లో చెక్కించుకున్న నేల ఇది. ఆ మర్యాదను మనం మరిచిపోకూడదు.

పాఠకులను ఒక్క సాయం కోరుతున్నాం. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ ఊళ్ళో అరుదైన పేరున్నవాళ్ళు తప్పక ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టినవాళ్ళు, తుఫానులో పుట్టినవాళ్ళు, ఏ ఉద్యమంలోనో జైలుకు వెళ్ళిన తండ్రి పేరు పెట్టి పంపినవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వెళ్ళి అడగండి. విన్నది ఒక పేజీలో రాసి, వాళ్ళ అనుమతితో మాకు పంపండి. వచ్చినవాటిని వరసగా ప్రచురిస్తాం. తెలుగువాళ్ళ చరిత్రలో శాసనాలకూ పుస్తకాలకూ ఎక్కని భాగం చాలావరకు ఆ పేర్లలోనే ఉంది.